అమ్మ మెట్టెక్కని పుస్తకాల షాపు

పోయిన నెల ఇంటికి రంగులు వేయించాం. రంగులంటే ఊరికే అవుతాయా? అటక మీద సామానంతా కిందికి దిగాలి. ఇత్తడి గుండిగలు, పిల్లల ఊయల గొలుసులు, ఎవరో పెళ్ళికి పెట్టిన స్టీలు క్యారేజీలు, వాటన్నిటి వెనక మా అమ్మ రేకు ట్రంకు పెట్టె. విజయనగరంలో ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి శ్రీకాకుళం వచ్చేసినప్పుడు అమ్మ తనతో తెచ్చుకున్న సామానులో పెద్దది అదే.

పాత పేపర్లాయన గుమ్మంలో కాటా పెట్టుకుని కూర్చున్నాడు. మావారు పెట్టె మూత ఎత్తి చూసి, "ఇవన్నీ చిరిగిపోయిన పత్రికల కాగితాలే. చెదపట్టిందంటే కొత్త రంగులకీ పాకుతుంది. ఇచ్చేద్దామా అత్తయ్యగారూ?" అన్నారు. మర్యాదగానే అడిగారు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. మెల్లగా లేచి వచ్చి మూత వేసి, ఆ పెట్టె మీద కూర్చుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి అలా కూర్చుంటే ఇంకెవరం ఏం మాట్లాడతాం? పేపర్లాయన నవ్వుకుంటూ కాటా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ పెట్టెలో ఉన్నవి వారపత్రికల్లోంచి చింపి దాచిన సీరియళ్ళు, కథలు. గోనె సంచులు కుట్టే దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితం అట్టగా వేసి, పైన పేరు రాసింది. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి బొత్తులు ఉండే ఉంటాయి, లేదా ఒకప్పుడు ఉండి కాటాకెక్కి ఉంటాయి. వాటి గురించి రాద్దామని కూర్చుంటే, ఆ పెట్టె కంటే ముందు ఒక షాపు గుర్తొచ్చింది.

విజయనగరం గంటస్తంభం దగ్గర, బజారు వీధిలోంచి ఒక సందులోకి తిరిగితే అద్దె పుస్తకాల షాపు ఉండేది. షాపంటే మన వంటింట్లో సగం. మూడు గోడలకీ చెక్క అరలు, ముందు ఒక బల్ల, బల్ల మీద పొడుగాటి అకౌంటు పుస్తకం. ఇరవై రూపాయలు డిపాజిట్ కట్టాలి. పుస్తకం లావుని బట్టి రోజుకి అర్ధ రూపాయో రూపాయో అద్దె. ప్రతి పుస్తకానికీ ఖాకీ అట్ట, వెన్నుకి బొంత కుట్టు, లోపల మూడు చోట్ల షాపు స్టాంపు. చివరి పేజీలో ఎవరో ఒకరు "హీరో చచ్చిపోతాడు, చదవకండి" అని రాసేసేవారు.

బల్ల ముందు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు నిలబడి కబుర్లాడుతుండేవారు. కాలేజీ మేష్టార్లు, బ్యాంకు గుమాస్తాలు. ఎవరు గొప్ప రచయిత అన్న మీద గంటలు గంటలు వాదించుకునేవారు. పుస్తకాల షాపుల గురించి పెద్దవాళ్ళు రాసుకున్న జ్ఞాపకాలు చదివితే ఇదే కనిపిస్తుంది: షాపు, షాపాయన, టీ, చర్చ. ఆ జ్ఞాపకాల్లో మా అమ్మ లేదు. ఎందుకంటే అమ్మ ఆ షాపు మెట్టు ఒక్కసారి కూడా ఎక్కలేదు.

అలాగని ఎవరో వద్దన్నారనీ కాదు. నాన్నగారు ఏమీ అనేవారు కాదు. కూరగాయల బజారుకి వెళ్ళేది, పైడితల్లమ్మ గుడికి వెళ్ళేది, చీరల కొట్టులో గంట కూర్చునేది. పుస్తకాల షాపు ముందు మాత్రం నిలబడేది కాదు. "అక్కడంతా మగాళ్ళుంటారు, నాకేటి పని" అనేది. పని నాది. నాకప్పుడు పదేళ్ళు. బడి నుంచి వచ్చి పాలు తాగగానే చేతిలో రెండు పుస్తకాలు, ఒక చీటీ పెట్టేది.

ఆ చీటీలు ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. "రెండు పుస్తకాలు. యద్దనపూడిది కొత్తది వస్తే ఇవ్వండి. ఏడుపువి వద్దు, ఇంట్లో ఇప్పటికే ఉంది." షాపాయన చదివి మీసాల్లో నవ్వుకునేవాడు. మా నానమ్మ మంచాన పడ్డ ఏడాది అది. ఆయన వెతికి వెతికి ఒక పుస్తకం తీసి, అదే చీటీ వెనక రాసి పంపేవాడు: "అమ్మగారికి, మొదట్లో విసుగొస్తుంది, నలభయ్యో పేజీ దాటండి." అమ్మ నలభయ్యో పేజీ దాటేది. మర్నాడు చీటీ వెళ్ళేది: "దాటాను. బాగుంది." పదేళ్ళపాటు ఒకరినొకరు చూడకుండా ఇద్దరు మనుషులు పుస్తకాల గురించి మాట్లాడుకున్నారు. మధ్యలో టపా బంట్రోతుని నేను.

మా అమ్మ దాకా పుస్తకం రావడం వెనక చాలా కథ ఉంది. అందులో మన ప్రాంతం వాటా తక్కువేమీ కాదు.

అచ్చులో పుస్తకాలు చాలా ముందే వచ్చాయి. మద్రాసులో వావిళ్ళ వారి ముద్రణ 1854లోనే మొదలైంది. 1886లో విశాఖపట్నంలో మంతిన ఆదినారాయణమూర్తి గారు సరస్వతీ నిలయం పేరుతో గ్రంథాలయం పెట్టారు. 1914లో విజయవాడలో గ్రంథాలయాల వాళ్ళంతా సభ పెట్టుకుని ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పాటు చేసుకున్నారు. తర్వాత 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు కాలవల మీద పడవలో పుస్తకాలు వేసి ఊళ్ళకి పంపారు. పుస్తకాన్ని మనిషి దగ్గరికి తీసుకెళ్ళాలన్న ఆలోచన మనవాళ్ళకి అంత పాతది.

కానీ పుస్తకం గుమ్మం దాకా వస్తే సరిపోదు, అందులో భాష కూడా ఇంట్లోకి రావాలి. వీధి బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకుని, పదేళ్ళకే పెళ్ళయిపోయిన ఆడపిల్లకి గ్రాంథికం ఏం కొరుకుడు పడుతుంది? ఆ ముడి విప్పినవాళ్ళిద్దరూ మన వైపు వాళ్ళే. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారొకరు. విజయనగరం సంస్థానంలో పని చేసిన గురజాడ అప్పారావు గారొకరు. ఇద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్న స్నేహితులు. కన్యాశుల్కం నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, బాగా పెంచి తిరగరాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. ఇంట్లో మాట్లాడుకునే మాటే పుస్తకంలో మాట్లాడింది. గిడుగు వారు ఆ మాట కోసం ఊరూరా తిరిగి వాదించారు, 1919లో 'తెలుగు' అని పత్రిక కూడా నడిపారు. వాళ్ళు ఆ పని చెయ్యకపోతే అమ్మ చేతికి షాపాయన ఏ పుస్తకం పంపినా నలభయ్యో పేజీ దాకా వెళ్ళేది కాదు.

గురజాడ వారి 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. ఆ కథలో కమలిని చదువుకున్న ఇల్లాలు. రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చిన భర్తకి ఉత్తరం దొరుకుతుంది, ఆమె కనిపించదు. నేను చాలా ఏళ్ళు తెలుగులో మొదటి కథ అదేనని చదువుకున్నాను. మీరూ అలాగే చదువుకుని ఉంటారు. తర్వాత తెలిసింది, అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, భండారు అచ్చమాంబ గారి 'ధనత్రయోదశి' హిందూ సుందరి పత్రికలో అచ్చయిందని. తప్పుడు సొమ్ముతో పండుగ వద్దని భర్తకి నచ్చజెప్పే పేదింటి ఇల్లాలి కథ అది. అచ్చమాంబ గారు 1905లోనే, ముప్ఫై ఏళ్ళ వయసులో పోయారు. మొదటి కథ ఏదన్న వాదన పండితులు చూసుకుంటారు. నా మనసులో దిగినది వేరే. ఆడవాళ్ళ కోసం నడిచిన ఒక పత్రికలో, ఒక ఆడమనిషి రాసిన కథ, ఎవరి పెట్టెలోనో ఎవరి బీరువాలోనో ఆ సంచిక మిగిలి ఉండబట్టి మళ్ళీ వెలుగులోకి వచ్చింది. ఆ సంచికలన్నీ కాటాకెక్కి ఉంటే అచ్చమాంబ గారు కథ రాసినట్టే తెలిసేది కాదు.

సరే, మళ్ళీ షాపు దగ్గరికి వద్దాం. 1960లు, 70లు ఆడవాళ్ళ నవలల కాలం. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, జ్యోతి, యువ పత్రికలు ఇంటింటా తిరిగేవి. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. యద్దనపూడి సులోచనారాణి గారి 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో సినిమాలయ్యాయి. రంగనాయకమ్మ గారు, మాదిరెడ్డి సులోచన గారు ఇంట్లో మనుషుల్లా అయిపోయారు. మా అమ్మకైతే ద్వివేదుల విశాలాక్షి గారంటే ప్రత్యేకమైన అభిమానం. కారణం, ఆవిడ 1929లో విజయనగరంలో పుట్టారు. "మన ఊరమ్మాయే" అనేది అమ్మ, తనకంటే ఆవిడ పద్దెనిమిదేళ్ళు పెద్దయినా.

ఎమెస్కో వాళ్ళు చవక ధరకి జేబు పుస్తకాలు వేసి, 'ఇంటింటా గ్రంథాలయం' అని పథకం పెట్టారు. విశాలాంధ్ర వాళ్ళ సంచార పుస్తకాలయం వ్యాను ఊళ్ళు తిరిగేది. అయినా నెల జీతం మీద నడిచే ఇంట్లో నవల కొనడమంటే కాఫీపొడి ఒక పూట తగ్గించడమే. అందుకే అద్దె షాపులు వీధి వీధికీ వెలిశాయి. వాటికి బోర్డు మీద పెద్ద పేర్లుండేవి కావు, పేపర్లో ప్రకటనలుండేవి కావు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక దొరికే రెండు గంటల మీద బతికిన షాపులవి. లెక్క తీస్తే వాటి అద్దెలో ఎక్కువ భాగం పోపుల డబ్బాలోంచి వచ్చిన చిల్లరే అయి ఉంటుంది.

ఒక్క నవల ఒక ఇంటికి వెళ్ళేది కాదు. మా ఇంటికి వచ్చిన పుస్తకం రాత్రి లోపల పక్కింటి పెద్దమ్మ చదివేది, తెల్లారేసరికి వెనకింటి పంతులమ్మ చదివేది. మర్నాడు సాయంత్రం నేను షాపుకి పట్టుకెళ్ళేను. ఒక రోజు అద్దెకి మూడిళ్ళు. షాపాయనకి ఇదంతా తెలుసు. ఒకసారి నన్ను చూసి, "ఏటమ్మా, పెద్దమ్మగారు చదివీసేరా?" అని అడిగాడు. నాకు గుండె ఆగినంత పనైంది. ఆయన ఇంకేమీ అనకుండా ఒక రోజు అద్దే రాసుకున్నాడు.

నేను డిగ్రీ చదువుతుండగానే షాపులో జనం పలచబడ్డారు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. 1995లో ఈటీవీ వచ్చింది, సాయంత్రాలు సీరియళ్ళ పాలయ్యాయి. ఆ తప్పు ఎవరిదీ కాదు. అమ్మ కూడా చూసింది. వంటింట్లోంచి వింటూనే చూడొచ్చు, చేతికి పని ఆగదు. ఒక రోజు షాపులో పని చేసే కుర్రాడు మా ఇంటికొచ్చి అమ్మ చేతిలో ఇరవై రూపాయల నోటు పెట్టాడు. "డిపాజిట్టండి. అందరివీ ఇచ్చీమన్నారు" అన్నాడు. అప్పుడు తెలిసింది షాపు మూసేశారని. ఆ పూట చీటీ ఏమీ రాలేదు. అమ్మ కూడా రాసి పంపలేదు. ఏం రాయాలో తెలియలేదేమో. తర్వాత ఆ చోట సెల్‌ఫోన్ల షాపు వచ్చింది. పుస్తకాలు ఏమయ్యాయో నేను అడగలేదు. అడిగితే వినాల్సి వస్తుందని భయం.

1996లో నా పెళ్ళయి శ్రీకాకుళం వచ్చాను. మరుసటి ఏడే, 1997 ఫిబ్రవరి 22న, ఈ ఊళ్ళో కథానిలయం తెరిచారు. ఊళ్ళోనే ఉన్నా నేను చాలా ఏళ్ళు అటు వెళ్ళలేదు. పిల్లలు, అత్తగారి మోకాళ్ళు, ఎప్పుడూ ఏదో ఒకటి. అక్కడికి వెళ్ళేది పెద్ద పెద్ద రచయితలనీ, మనలాంటి ఇల్లాళ్ళకేం పని అనీ అనుకున్నాను. ఎవరి మాటలివి? అమ్మ మాటలే. చదువుకున్నా, ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టినా, పుస్తకాల గుమ్మం దగ్గరికొచ్చేసరికి నేనూ అమ్మలాగే ఆగిపోయాను.

కథానిలయం పెట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు, మనమంతా కారా మాస్టారనే పిలుచుకునే ఆయన, 1924 నవంబరు 9న మన జిల్లాలోని మురపాకలో పుట్టారు. విశాఖపట్నంలో బడిపంతులుగా పని చేశారు. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ డబ్బుతో ఇల్లు బాగు చేయించుకోవచ్చు, మనవలకి బ్యాంకులో వేయొచ్చు. ఆయన దాన్ని తెలుగు కథ ఉండడానికి ఒక ఇల్లు కట్టే పనిలో పెట్టారు. సంపుటాల్లోకి ఎక్కిన పేరున్న కథలే కాదు, పత్రికల్లో ఒక్కసారి అచ్చయి మరుగున పడిపోయిన కథలు కూడా కావాలనుకున్నారు. కథకులకి ఉత్తరాలు రాశారు, పాత పత్రికలున్న ఇళ్ళకి వెళ్ళారు, అడిగి తెచ్చారు. ఇప్పుడు వాటిలో ఎన్నో కథలు స్కాన్ చేసి కథానిలయం వెబ్‌సైటులో పెట్టారు. అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. మాస్టారు 2021 జూన్ 4న శ్రీకాకుళంలోనే కన్నుమూశారు.

ఆయన పోయాక గానీ నాకు బుద్ధి రాలేదు. అమ్మ మా దగ్గరికి వచ్చిన కొత్తలో, ఏమీ తోచక కిటికీ దగ్గర కూర్చుంటుంటే, ఒక రోజు ఆటో ఎక్కించి విశాఖ ఎ కాలనీకి తీసుకెళ్ళాను. ఎక్కడికని చెప్పలేదు. చెబితే "నాకేటి పని" అంటుంది. గుమ్మంలో చెప్పులు విప్పి, నా చెయ్యి పట్టుకుని లోపలికి అడుగు పెట్టింది. గోడల మీద కథకుల ఫోటోలు, బీరువాల్లో పుస్తకాలు, బైండు చేసిన పాత పత్రికలు. అమ్మ చాలాసేపు ఫోటోలు చూసింది. కొందరిని పేరుతో పలకరించినట్టే గుర్తుపట్టింది. తర్వాత నా చెవి దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగింది:

"డిపాజిట్ ఎంతటే?"

నవ్వొచ్చింది, తర్వాత గొంతు పట్టేసింది. "డిపాజిట్ లేదమ్మా, కూర్చుని చదువుకో" అన్నాను. ఒక పాత వారపత్రిక బైండు ముందు పెట్టుకుని రెండు గంటలు కదల్లేదు. డెబ్బై దాటాక, పుస్తకాలున్న చోటికి తన కాళ్ళతో వెళ్ళి, తన చేత్తో తీసుకుని చదివింది. నేను పక్కన కూర్చున్నాను, చీటీ లేకుండా.

మొన్న పెట్టె మీద ఆవిడ అలా కూర్చున్నప్పుడు నాకు ఆ రెండు గంటలు గుర్తొచ్చాయి. రంగుల వాళ్ళు వెళ్ళాక ఇద్దరం పెట్టె ముందేసుకుని కూర్చున్నాం. ఇక్కడ ఒక చిక్కుంది. వారపత్రికలోంచి కథ మాత్రం చింపుకుంటే ఒక్కోసారి పత్రిక పేరూ, తేదీ ఆ పేజీలో ఉండవు. కథ ఉంటుంది, అది ఎప్పటిదో ఎక్కడిదో చెప్పే ఆధారం ఉండదు. ధనత్రయోదశి విషయంలో చూశాం కదా, తేదీ తెలిస్తేనే ఆ కథకి చరిత్రలో చోటు. మన పెట్టెల్లో దాచిన ప్రేమంతా తేదీ లేని ప్రేమ.

కానీ అమ్మ కాగితాలు తిరగేస్తుంటే అంచుల్లో పెన్సిలు రాతలు కనిపించాయి. ఒక సీరియల్ మొదటి పేజీ మీద "పాలు నెలంతా ఒకటిన్నర, పెద్దది ఆరో క్లాసు." ఇంకో కథ మీద "దీపావళి. చిన్నదానికి జ్వరం." మరో దాని మీద "అత్తయ్యగారి మాసికం." ఇంకోచోట "జిల్లా వచ్చింది" అని మాత్రమే ఉంది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంటే ఆ కథ ఏ నాటిదో దాదాపు తేలిపోయినట్టే. చిన్నదానికి దీపావళికి జ్వరం వచ్చింది ఏ ఏడో అమ్మకి ఠక్కున గుర్తుంది. చిన్నది నా చెల్లెలు, ఆ ఏడు మతాబులు కాల్చలేదని ఇప్పటికీ దెప్పుతుంది. ఇంటి లెక్కలనుకుని రాసుకున్నవి కథల తేదీలయ్యాయి. ఆ తేదీలు పట్టుకుని వెబ్‌సైటులో వెతుకుతుంటే కొన్ని కథలు అక్కడ ఇదివరకే ఉన్నాయి. కొన్ని నాకు కనబడలేదు. కనబడనివి విడిగా ఒక బొత్తి చేస్తున్నాం.

ఇప్పుడు మధ్యాహ్నాలు మాకు ఇదే పని. నోటు పుస్తకంలో మూడు గడులు గీశాను: కథ పేరు, రాసినవారు, పత్రిక-తేదీ. అమ్మ చెబుతుంది, నేను రాస్తాను. మావారు కూడా నాఫ్తలీన్ ఉండలు తెచ్చి పెట్టె నాలుగు మూలలా వేశారు, ఎవరూ అడక్కుండానే. జాబితా అయ్యాక కథానిలయం వాళ్ళకి చూపించి, వాళ్ళకి పనికొచ్చేవేమిటో అడగాలని ఉంది.

మీ ఇంట్లో అటక మీద ఇలాంటి బొత్తులుంటే కాటాకి వెయ్యకముందు ఒక్కసారి అంచులు చూడండి. అమ్మో అత్తగారో ఇంకా ఉంటే ఆ రాతలేమిటో వాళ్ళనే అడిగి, పక్కన ఏడు రాయండి. రేపు అడగొచ్చులే అనుకోకండి.

నిన్న పుస్తకం మూసేస్తుంటే అమ్మ ఒక పాత నవల మధ్యలోంచి ఒక చిన్న కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోయింది. ఒక వైపు అమ్మ రాత: "రెండు పుస్తకాలు." వెనక వైపు షాపాయన రాత, పెన్సిలు కాబట్టి మసకబారింది: "అమ్మగారికి, ఇది తొందరగా ఇవ్వక్కర్లేదు." ఇంతకీ ఆ నవల మీద షాపు స్టాంపు ఉంది.

"ఇదేటమ్మా, తిరిగివ్వలేదా?" అన్నాను.

"తొందర లేదన్నాడుగా" అంది అమ్మ.